ఎముక గూటిలో చోటు

1950లో కణేకల్ ఊరు బళ్లారి జిల్లాలో ఉండేది, బళ్లారి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మూడేళ్లకు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. రాయదుర్గం తాలూకా, దాంతోపాటు కణేకల్, అనంతపురం జిల్లాలో కలిశాయి. మెదడు ఆపరేషన్ల గురించిన అధ్యాయంలో సరిహద్దుల మాట ఎందుకంటే, తల పగిలిన మనిషిని ఏ దిక్కుకు తీసుకుపోవాలన్నది ఈ ప్రాంతంలో ఇప్పటికీ మొదట వచ్చే ప్రశ్న. బళ్లారి దగ్గర, కానీ పొరుగు రాష్ట్రం. అనంతపురం సొంత జిల్లా కేంద్రం, కానీ దూరం. చివరికి చాలా దారులు బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి దగ్గరే తేలతాయి.

1950 నాటికి ఈ ప్రశ్న కూడా లేదు. మెదడును, వెన్నుపామును ఆపరేషన్ చేసి బాగుచేసే ప్రత్యేక విభాగాలు అంత పెద్ద మద్రాసు రాష్ట్రంలోనూ రెండే. 1949లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాందీ మొదలుపెట్టిన విభాగం దేశంలోనే మొదటిది. ఆ మరుసటి ఏడు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి రెండోది తెరిచారు. చాందీ కెనడాలోని మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర పని నేర్చుకుని వచ్చారు. రామమూర్తి ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో రోబోథమ్ దగ్గర నేర్చుకున్నారు. రోబోథమ్ తల గాయాల మీద పుస్తకం రాసిన సర్జన్. మద్రాసులో విభాగం పెట్టేనాటికి రామమూర్తికి ఇరవై ఎనిమిదేళ్లు. తర్వాతి కాలంలో ఆయనతో కలిసి పనిచేసిన టి.ఎస్. కనక 1968లో న్యూరోసర్జరీలో ఎం.సి.హెచ్. పూర్తిచేసి, ఆసియాలోనే తొలితరం మహిళా న్యూరోసర్జన్లలో ఒకరయ్యారు. బెంగళూరులో 1950ల చివర ఆర్.ఎం. వర్మ న్యూరోసర్జరీకి పునాది వేశారు. ఆయన పనిచేసిన సంస్థే 1974లో మానసిక వైద్యశాలతో కలిసి నిమ్హాన్స్ అయింది.

న్యూరోసర్జన్‌ను మన ఊళ్లలో ‘మెదడు డాక్టరు’ అంటారు. న్యూరాలజిస్టును కూడా అలాగే పిలుస్తారు కాబట్టి తేడా చెప్పాలి. పక్షవాతం, మూర్ఛ, వణుకుడు జబ్బు వంటి వాటికి మందులతో వైద్యం చేసేవారు న్యూరాలజిస్టు. కత్తి పట్టేవారు న్యూరోసర్జన్. ఆ కత్తి పరిధిలోకి మెదడు, వెన్నుపాము, వాటి పొరలు, రక్తనాళాలు, చేతుల్లోకీ కాళ్లలోకీ పోయే నరాలు, వీటన్నిటినీ కాపాడే ఎముకలు వస్తాయి. పేరులో మెదడున్నా, చాలామంది న్యూరోసర్జన్ల రోజువారీ పనిలో వెన్నుదే పెద్ద వాటా. చదువు ఎంత పొడవంటే, ఎం.బి.బి.ఎస్. హౌస్ సర్జన్సీతో కలిపి ఐదున్నరేళ్లు, జనరల్ సర్జరీలో ఎం.ఎస్. మూడేళ్లు, ఆపైన న్యూరోసర్జరీలో ఎం.సి.హెచ్. ఇంకో మూడేళ్లు. ఎం.బి.బి.ఎస్. తర్వాత నేరుగా చేరే ఆరేళ్ల కోర్సు కూడా ఉంది. ఎలా లెక్కేసినా, ఎక్కడా ఆగకుండా చదివినవారు సొంతంగా తలను తెరిచేసరికి ముప్పై ఏళ్లు వస్తాయి.

ఇన్నేళ్ల చదువు దేనికోసమో ఒక్క మాటలో చెప్పమంటే, చోటు కోసం అంటాను.

కడుపులో గడ్డ లేస్తే పొట్ట సాగుతుంది. కాలికి దెబ్బ తగిలితే కాలు వాస్తుంది. పుర్రె సాగదు, వాయదు. పెద్దవాళ్ల పుర్రె లోపల సుమారు 1400 మిల్లీలీటర్ల మెదడు, 150 మిల్లీలీటర్ల రక్తం, మరో 150 మిల్లీలీటర్ల మస్తిష్క మేరు ద్రవం ఉంటాయి. ఈ మూడింటికీ కలిపి ఉన్నది ఆ చోటే. ఒకటి పెరిగితే మిగతా రెండూ తగ్గి తీరాలి. ఈ సంగతిని 1783లో ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ మన్రో ప్రతిపాదించాడు, 1824లో లీత్ పట్టణపు వైద్యుడు జార్జ్ కెల్లీ మృతదేహాల పరీక్షలతో బలపరిచాడు. ఇప్పటికీ న్యూరోసర్జరీ వార్డులో ప్రతి నిర్ణయం వెనకా ఈ లెక్కే నడుస్తుంది. లోపల రక్తం గడ్డ కడుతుంటే మొదట కొంత ద్రవం వెన్నులోకి జారిపోతుంది, సిరలు అణిగి రక్తం బయటికి పోతుంది. అంతవరకు మనిషి బాగానే కనిపిస్తాడు. ఆ వెసులుబాటు అయిపోయిన క్షణం నుంచి ప్రతి చెంచా రక్తానికీ ఒత్తిడి నిట్టనిలువుగా పెరుగుతుంది.

రాయదుర్గం–బళ్లారి దారుల్లో రాత్రిపూట మోటారుసైకిళ్ల ప్రమాదాలు ఎక్కువగా ఈ లెక్క మీదే ముగుస్తాయి. కణత దగ్గర పుర్రె పలుచన. దాని లోపలి అంచునే ఒక ధమని పోతుంది. ఎముక చిట్లి ఆ ధమని తెగితే ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతుంది. పడ్డ మనిషి కాసేపు స్పృహ తప్పి లేస్తాడు, మాట్లాడతాడు, కాఫీ తాగుతాడు, తల నొస్తోందని పడుకుంటాడు. ఇంట్లోవాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారు. అది నిద్ర కాదు, లోపల చోటు అయిపోతోంది. మెదడు పక్కకు జరిగి కంటి నరాన్ని నొక్కగానే దెబ్బ తగిలిన వైపు కంటిపాప పెద్దదవుతుంది. ఇంకా నొక్కితే ఊపిరి నడిపించే మెదడు కాండం దెబ్బతింటుంది. అదే మనిషికి సకాలంలో పుర్రెకు రంధ్రం చేసి ఆ రక్తం తీసేస్తే నడిచి ఇంటికి వెళ్లే అవకాశం చాలా ఎక్కువ. శస్త్రచికిత్స మొత్తంలో ఇంత చిన్న పనికి ఇంత పెద్ద ఫలితం దక్కే సందర్భాలు అరుదు.

మెదడు పొర కింద రక్తం చేరితే పరిస్థితి ఇంకా విషమం. 1981లో అమెరికాలో సీలిగ్, ఆయన సహచరులు అలాంటి 82 మంది రోగుల వివరాలు ప్రచురించారు. వాళ్లందరూ కోమాలో ఉన్నవారే. దెబ్బ తగిలిన నాలుగు గంటల్లోపు ఆపరేషన్ జరిగినవారిలో 30 శాతం చనిపోయారు. నాలుగు గంటలు దాటినవారిలో 90 శాతం. తర్వాతి అధ్యయనాల్లో తేడా ఇంత పదునుగా కనిపించలేదు, కానీ గంటల విలువ ఎవరూ కాదనలేదు. ఇప్పుడు కణేకల్ మండలంలోని ఒక పొలం గట్టు నుంచి లెక్కపెట్టండి. ఫోను చేయాలి, బండి రావాలి, మొదటి ఆసుపత్రికి చేరాలి, అక్కడ స్కానింగ్ లేకపోతే ఇంకో ఊరికి పోవాలి, అక్కడ సర్జన్ ఉండాలి, ఆపరేషన్ గది ఖాళీగా ఉండాలి. నాలుగు గంటలు దారిలోనే కరిగిపోవచ్చు.

అందుకే ఈ వృత్తిలో సగం పని సర్జన్ చేతికి రోగి అందేలోపే జరగాలి. తల గాయమైన మనిషికి రక్తపోటు పై అంకె ఒక్కసారి 90 కిందికి పడినా మరణించే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని 1993లో చెస్నట్ బృందం చూపించింది. అంటే ఆక్సిజన్ పెట్టిన 108 అంబులెన్సు సిబ్బంది, సెలైన్ ఎక్కించిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సు మెదడును కాపాడే పనిలో సర్జన్‌తో సమానంగా ఉన్నారు. 108 సర్వీసు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆరోగ్యశ్రీ 2007లో మొదటి విడతగా ప్రారంభమైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. బండి దూరాన్ని తగ్గించింది, కార్డు ఖర్చు భయాన్ని తగ్గించింది. మెదడు ఆపరేషన్ కోసం పొలం తాకట్టు పెట్టిన ఇళ్లు గుర్తున్నవారికి ఈ రెండు మార్పుల బరువు తెలుసు. గ్లాస్గో కోమా స్కేల్ కూడా ఇలాంటి సాధనమే. 1974లో టీస్‌డేల్, జెనెట్ తయారుచేసిన ఈ కొలతలో కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15 మార్కులు. యంత్రం అక్కర్లేదు. కణేకల్‌లో నర్సు ‘9’ అని చెబితే బెంగళూరులో సర్జన్‌కు రోగి స్థితి అర్థమవుతుంది. రెండు గంటల తర్వాత అది ‘7’ అయితే ఇంకా బాగా అర్థమవుతుంది.

ఫిట్స్ సంగతికి వస్తే, ఇక్కడ న్యూరోసర్జన్లు చేసిన గొప్ప పని కత్తి కింద పెట్టడం. 1970లలో సి.టి. స్కాన్ వచ్చాక మన దేశంలో కొత్తగా ఫిట్స్ మొదలైన చాలామంది మెదడులో చిన్న ఉంగరంలాంటి మచ్చ ఒకటి కనిపించసాగింది. మన దేశం కాబట్టి అది క్షయ గడ్డే అనుకుని నెలల తరబడి టి.బి. మందులు వాడేవారు. వెల్లూరులో మాథ్యూ చాందీ, వేదాంతం రాజశేఖర్ ఆ మచ్చల నుంచి ముక్క తీసి పరీక్షించి, వాటిలో ఎక్కువ భాగం బద్దెపురుగు పిల్లదశ చుట్టూ శరీరం కట్టుకున్న వాపు అని 1991లో ప్రచురించారు. ఆ వాపు చాలామందిలో నెలల్లో తనంతట తానే తగ్గిపోతుంది. ఫిట్స్ మందులు చాలు, పుర్రె తెరవాల్సిన పనిలేదు, టి.బి. మందులూ వద్దు. ఆ పురుగు పంది మాంసం తినేవాళ్లకే వస్తుందన్న నమ్మకం తప్పు. పురుగు ఉన్న మనిషి మలంలోంచి గుడ్లు నీళ్లలోకీ పచ్చి కూరల్లోకీ చేరితే ఎన్నడూ మాంసం ముట్టని వారికీ వస్తుంది.

ఇక ఈ పీఠభూమిని పట్టి పీడించే జబ్బు. ఇందులో గూటిని ఆక్రమించేది రక్తమో గడ్డో కాదు, ఎముకే.

కణేకల్‌కు నీళ్ల విషయంలో రెండు ముఖాలు. తుంగభద్ర ఎగువ కాలువ, జనం నోట హెచ్చెల్సీ, ఈ మండలం మీదుగా పోతుంది. పాత చెరువు కింద వరి పండుతుంది. కాస్త ఆవలికి పోతే వేదవతి హగరి ఎండిన గర్భం, అందులోంచి గాలికి లేచి పొలాల మీద పేరుకున్న ఇసుక దిబ్బలు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లా ఇది. కాలువ అందని చోట బోరే దిక్కు. వాన తగ్గినకొద్దీ బోరు లోతుకు పోతుంది. లోతుకు పోయినకొద్దీ నీళ్లు గ్రానైటు, నైస్ రాళ్ల సందుల్లో ఎక్కువకాలం నిలిచినవి అవుతాయి. ఆ రాళ్లలోని అభ్రకం, ఫ్లోరైట్, అపటైట్ ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో సున్నం ధాతువు, అంటే కాల్షియం, బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. కరవు నేలల్లో ఎండకు ఆ కాల్షియం మట్టిలోనే గడ్డకట్టి నిలిచిపోతుంది. ఫ్లోరైడ్ మాత్రం నీటితో మిగులుతుంది. అనంతపురం ఫ్లోరైడ్ జిల్లాగా పేరుపడడానికి కారణం ఈ రాయీ, ఈ ఎండా కలవడమే.

తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఫ్లోరైడ్‌కు పైహద్దు. ఈ హద్దు గదిలో కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషికీ, మే నెలలో చేనులో పనిచేసి ఐదారు లీటర్లు తాగే కూలికీ ఒక్కటే కావడం నాకు అన్యాయంగా తోస్తుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు ఐదు లీటర్లు తాగితే ఒంట్లోకి పోయేది రోజుకు 20 మిల్లీగ్రాములు. కొంత మూత్రంలో పోతుంది. ఒంట్లో నిలిచిపోయేదంతా దాదాపుగా ఎముకల్లోకే చేరుతుంది. అక్కడ ఎముక స్ఫటికంలోని హైడ్రాక్సిల్‌ను తోసి ఆ స్థానంలో కూర్చుంటుంది, కొత్త ఎముకను కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక మందమవుతుంది, కండరాలూ స్నాయువులూ అతుక్కునే చోట్ల గట్టి మొలకలు వస్తాయి, స్నాయువులు కూడా ఎముకగా మారతాయి.

ఇక్కడే న్యూరోసర్జన్ లెక్క మొదలవుతుంది. మెడలో వెన్నునాళం ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు, అందులో వెన్నుపాము 8 నుంచి 10 మిల్లీమీటర్లు. మిగిలిన చోటు ద్రవానికీ పొరలకూ. ఉప్పు నీళ్ల బోరు పైపు లోపల ఏటేటా గార పేరుకుని ధార సన్నబడినట్టు, నాళం గోడలు లోపలికి పెరుగుతాయి. ముందు నుంచి ఒక స్నాయువు, వెనక నుంచి ఇంకొకటి ఎముకగా మారి ముందుకొస్తాయి. నాళం 10 మిల్లీమీటర్లకు చేరేసరికి వెన్నుపాముకు ఊపిరాడదు. అప్పటికి రోగికి చాలా ఏళ్ల నుంచి నడుము పట్టేస్తూ ఉంటుంది. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతాడు, నేల మీద బాసింపట్టు వేసి కూర్చోలేడు. తర్వాత కాళ్లు బిగుసుకుంటాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. అన్నం కలపడానికీ చొక్కా గుండీలు పెట్టుకోవడానికీ వేళ్లు సహకరించవు. మూత్రం మీద అదుపు తప్పుతుంది. ఇన్నిటినీ వయసు మీద పడిందనుకుని ఊరుకునేవారే ఎక్కువ.

ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును మన దేశంలో మొదట వర్ణించినది తెలుగు నేల మీదే. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో చూసిన రోగుల గురించి రాశారు. వాళ్లలో కాళ్లు చచ్చుపడిన లక్షణాలను కూడా గమనించారు. 1950లలో సిద్దిఖీ నల్గొండ రోగుల గురించి రాశారు. వెన్నుపాము నొక్కుకుపోవడాన్ని న్యూరోసర్జన్ కంటితో దశాబ్దాల పాటు వెంటాడి, ప్రపంచ నాడీవైద్య గ్రంథాల్లోకి చేర్చినవారు హైదరాబాదుకు చెందిన డి. రాజారెడ్డి. ఉస్మానియాలో పనిచేసి, తర్వాత నిమ్స్ ఆసుపత్రి డైరెక్టరుగా ఉన్నారు. నా దృష్టిలో ఆయన వృత్తిజీవితమే న్యూరోసర్జన్ పరిధి ఎంత పెద్దదో చూపిస్తుంది. కాళ్లు పడిపోయిన రోగిని వేరే చోట అడిగే ప్రశ్నలు కణితి, క్షయ, దెబ్బ గురించి. ఇక్కడ వాటితోపాటు ఏ ఊరు, ఏ నీళ్లు, ఎన్నేళ్లుగా తాగుతున్నారని అడగాలి. ముంజేయి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ముళ్లుగా కనిపిస్తే అనుమానం తీరుతుంది.

ఆపరేషన్ పేరు లామినెక్టమీ. వెన్నుపూసల వెనక కప్పును తీసేసి వెన్నుపాముకు చోటు ఇవ్వడం. మామూలు వెన్నులో ఇది ప్రతి న్యూరోసర్జన్ చేసేదే. ఫ్లోరోసిస్ వెన్నులో అడుగడుగునా గండం. మెడ వంగదు కాబట్టి మత్తు డాక్టరుకు గొంతులోకి గొట్టం వేయడమే కష్టం. పక్కటెముకలు బిగుసుకుపోయి ఛాతీ విప్పారదు కాబట్టి ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులకు ముప్పు. ఎముక ఎంత గట్టిదంటే డ్రిల్లు వేడెక్కిపోతుంది. ఆ వేడి వెన్నుపాముకు తగలకుండా సెలైన్ పోస్తూనే ఉండాలి. ఎముకగా మారిన స్నాయువు కొన్నిచోట్ల వెన్నుపాము పొరకే అతుక్కుని ఉంటుంది. లాగితే పొర చిరిగి ద్రవం కారుతుంది. ఇంత చేసినా ఫలితం ఆపరేషన్ చేసిన చేతిపనితనం కంటే ఎక్కువగా రోగి ఎప్పుడు వచ్చాడన్న దాని మీద ఆధారపడుతుంది. కర్ర పట్టుకుని నడుస్తూ వచ్చినవారు బాగుపడే అవకాశం ఉంది. ఏళ్లుగా మంచం పట్టినవారి వెన్నుపాములో తెగిపోయిన తంతువులు తిరిగి మొలవవు.

ఆపరేషన్ అయ్యాక అదే బోరు నీళ్లకు తిరిగి వెళితే స్నాయువులు మళ్లీ గట్టిపడతాయి. కాబట్టి డిశ్చార్జి కాగితంలో మందులతో పాటు నీళ్ల గురించి కూడా రాయాలి. దారులు కొన్ని ఉన్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించే ‘నల్గొండ పద్ధతి’ని 1970లలో నాగపూర్ నీరి సంస్థ రూపొందించింది. చవకైనదే కానీ రోజూ కొలతలు తప్పకూడదు, అందుకే చాలా ఊళ్లలో నిలవలేదు. 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు జలాశయాల నుంచీ నదీగర్భపు బావుల నుంచీ నీళ్లు ఇచ్చింది. జిల్లాలో వెన్నుపాములకు జరిగిన అతిపెద్ద మేలు అదేనని నేను గట్టిగా నమ్ముతాను. ఇంట్లో చేసుకోగలిగినవీ ఉన్నాయి. వాననీళ్లు పట్టుకోవచ్చు. పాలు, రాగులు తింటే కాల్షియం పేగులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టేస్తుంది. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చూపించారు. మంచినీళ్లకు అది బదులు కాదు, తోడు మాత్రమే.

ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మార్చిన వెంటనే పోదు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. పళ్ల పింగాణీ ఎనిమిదేళ్ల వయసు లోపే తయారైపోతుంది, ఆలోపు ఫ్లోరైడ్ వల్ల ఒకసారి పడ్డ గార మచ్చ జీవితాంతం ఉంటుంది. అంటే ఒకే ఇంట్లో తాత వెన్నుకు కావలసిందీ, మనవడి పంటికి కావలసిందీ ఒకే నీళ్లు, వేర్వేరు కారణాలకు. రోజుకు ఒక్క క్యాను మంచినీళ్లే కొనగలిగిన ఇంట్లో మొదటి గ్లాసు ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, తర్వాతిది గర్భిణికి, ఆ తర్వాతిది ఆపరేషన్ అయిన మనిషికి పోవాలి. స్నానానికీ బట్టలకూ బోరు నీళ్లు వాడుకోవచ్చు, చర్మం గుండా ఫ్లోరైడ్ పెద్దగా లోపలికి పోదు. అన్నం, పప్పు వండడానికి మాత్రం తాగే నీళ్లే పోయాలి. కాచితే ఫ్లోరైడ్ ఆవిరైపోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది.